గిద్యోను కొత్త సాక్ష్యం

కృపావతమ్మ గారిని ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. ముప్ఫయ్యేళ్ళు గోదావరి లంక గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పి, మోకాళ్ళు ఇక నడవమని మొరాయించాక మా ఊరి చర్చి పక్కన రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు. ఎవరైనా ప్రశ్న పట్టుకొస్తే ముందు వాళ్ళకో పని అప్పజెబుతారు. చిక్కుడుకాయలకు ఈనెలు తీయమంటారు, లేదా ఫలానా ఇంటికి వెళ్ళి రమ్మంటారు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో తగులుతుంది. తగలకపోతే ఇంకో పని చెబుతారు. పెద్ద పెద్ద బోధకులు గంటసేపు చెప్పినా నా బుర్రకెక్కని సంగతులు ఆవిడ ఇంటి అరుగు మీద ఎక్కాయి గనక, నేను ఆవిడ పక్షమే.

ఒక సోమవారం పొద్దున తాపీమేస్త్రి గిద్యోను ఆ అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి. అక్షరాలూ ప్రార్థనా రెండూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నవాడు. కోడి కూయకముందే లేచి మోకరిస్తాడు, శుక్రవారం ఉపవాసం తప్పడు, వాక్యంలో ఏ మాట ఎక్కడుందో అడిగితే తడుముకోకుండా చెబుతాడు.

"అమ్మగారండీ, ఒక మాట అడుగుతాను, నవ్వకండి," అన్నాడు. "నిరుడు బాప్తిస్మం తీసుకున్నోళ్ళు కూడా ఎదిగిపోతున్నారండి. వాళ్ళ ముఖాలు చూస్తేనే తెలిసిపోతోంది. నేను మాత్రం ఇరవయ్యేళ్ళ నాడు ఎక్కడున్నానో అక్కడే ఉన్నాను. చదువుతున్నాను, ఉపవాసాలుంటున్నాను. విశ్వాసి ఎదగాలంటే ఇంకా ఏం కావాలండీ?"

ఊరికే అడిగిన మాట కాదు, లోపల గుబులు పెట్టుకుని అడిగిన మాట.

"వచ్చే ఆదివారం పండక్కి సాక్ష్యం నీదే కదూ?" అన్నారు కృపావతమ్మ గారు.

"ఆయ్, నాదేనండి."

ఇక్కడ కొంచెం చెప్పాలి. మా చర్చి వార్షిక స్తుతి పండక్కి చుట్టుపక్కల అయిదు ఊళ్ళ సంఘాలు వస్తాయి. ఆ రోజు గిద్యోను లేచి, ఇరవయ్యేళ్ళ క్రితం చెరుకుతోటలో తనను పాము కరిచినప్పుడు ప్రభువు ఎలా బతికించాడో చెబుతాడు. జరిగింది నిజమే. కాకపోతే మొదటి ఏడాది మూరెడున్న పాము, పదేళ్ళు తిరిగేసరికి బారెడైంది. ఆ సాక్ష్యం ఊళ్ళో పిల్లలందరికీ కంఠతా వచ్చు. గిద్యోను కళ్ళు మూసుకుని చెబుతుంటే, ముందు వరసలో వాళ్ళ పెదాలు కూడా అతనితో పాటే కదులుతుంటాయి.

"నువ్వు ఎదిగావో లేదో గానీ, ఆ పాము మాత్రం బాగా ఎదిగింది నాయనా," అన్నారావిడ. "ఈసారి దాన్ని వదిలెయ్. ఇవాళ్టి నుంచి శనివారం లోపల జరిగింది ఏదైనా ఒక్కటి చెప్పు."

"ఏమీ జరగకపోతేనండీ?"

"నిలబడి, ఏమీ జరగలేదని చెప్పి కూర్చో."

గిద్యోను ముఖం పాలిపోయింది. అయిదు ఊళ్ళ జనం ముందు ఆ మాట ఎలా అనగలడు? దేవుడు తన జోలికి వచ్చి ఇరవయ్యేళ్ళయిందని ఒప్పుకున్నట్టే కదా. ఆ వారమంతా పాపం అతను వెతకని చోటు లేదు. దేవుడు చేసే కార్యమంటే ప్రాణం మీదికొచ్చిందే అయివుండాలని అతని నమ్మకం. పరంజా ఎక్కినప్పుడల్లా కర్ర కాస్త కిర్రుమంటుందేమోనని చెవి వొగ్గాడు. అది నిబ్బరంగా నిలబడింది. బుధవారం జలుబు చేసింది. శుక్రవారానికి తగ్గింది. తగ్గిందే చాలని అరుగు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"జలుబు పోయిందండి అమ్మగారూ!"

"ఎన్నాళ్ళకి?"

"మూడు రోజులకండి."

"అందరికీ అంతే నాయనా," అని ఆవిడ చిక్కుడుకాయల్లో పడ్డారు.

శనివారం మధ్యాహ్నానికి గిద్యోను ఆశ వదులుకున్నాడు. సాక్ష్యం తన వల్ల కాదని చెప్పేద్దామని బయల్దేరాడు. ఆవిడ పందిరి పని చూడ్డానికి చర్చికి వెళ్ళారని తెలిసి, ప్రహరీ వెంట నడుచుకుంటూ వస్తున్నాడు. ఆ ప్రహరీ అతనే కట్టాడు. మూడేళ్ళ క్రితం ఎవరి సాయం లేకుండా, కూలి పుచ్చుకోకుండా, ప్రభువు పని అని కట్టాడు. పూర్తయిన రోజున అతని తోడల్లుడు ఏసుపాదం, తనూ మేస్త్రీయే, దారానికి కట్టిన తూకం గుండు గోడ పక్కన దించి నిలువు చూసి, "రెండు వేళ్ళు వాలింది అన్నయ్యా," అన్నాడు. సంఘమంతా విన్నది. ఆ రోజు నుంచి గిద్యోను ఏసుపాదం గుమ్మం తొక్కలేదు. భార్యలిద్దరూ సొంత అక్కచెల్లెళ్ళు, పాపం కుళాయి దగ్గరే మంచీ చెడ్డా మాట్లాడుకునేవారు. గోడ వాలిందని మా అందరికీ తెలుసు. కట్టినవాడికి ఇంకా బాగా తెలుసు.

గోడకు ఇవతల నేనూ ఏసుపాదం రంగు కాగితాల తోరణాలు కడుతున్నాం. అవతల గిద్యోను ఉన్నాడని మాకు తెలియదు. కృపావతమ్మ గారు పందిరి కింద కుర్చీలో కునుకు తీస్తున్నారు.

"ఆ మూల తోరణం ఇంకా కిందికి దించు మావయ్యా," అన్నాడు ఏసుపాదం నాతో. "పక్కన కొబ్బరాకు దట్టంగా కడదాం. రేపు అయిదు ఊళ్ళ మేస్త్రీలొస్తారు. గోడ వాలు వాళ్ళ కంటబడకూడదు."

నాకు నవ్వొచ్చింది. "గుండు పెట్టి ఊరందరికీ చూపించింది నువ్వే కదయ్యా!"

"చూపించాను. తర్వాత లెంపలేసుకున్నాను కూడా," అన్నాడు. "గోడ వాలితే వాలింది మావయ్యా. మా అన్నయ్య మా ఇంటికి రావాలి గానీ."

కాసేపటికి గిద్యోను గేటులోంచి లోపలికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేరుగా ఏసుపాదం ఎక్కిన బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏం గొడవవుతుందోనని నేను తోరణం వదిలేసి దగ్గరికి వెళ్ళాను.

"తమ్ముడూ, దిగు," అన్నాడు. "ఆ కొబ్బరాకు తీసెయ్. నీ సంచిలో గుండుందా?"

ఏసుపాదం దిగి, కొబ్బరాకు పక్కకు లాగి, గుండు తీసిచ్చాడు. దారం పైచివర ఏసుపాదం పట్టుకున్నాడు, కింద గుండు ఊగకుండా నేను ఆపాను. గిద్యోను వంగి, గోడకూ దారానికీ మధ్య సందులో వేళ్ళు పెట్టి చూశాడు.

"రెండు కాదురా," అన్నాడు. "మూడు."

ముందు ఏసుపాదానికి నవ్వొచ్చింది, తర్వాత గిద్యోనుకు. ఆ నవ్వుకు కృపావతమ్మ గారు ఉలిక్కిపడి లేచారు. మూడేళ్ళ నవ్వంతా ఒక్కసారే వచ్చినట్టు ఇద్దరూ గోడకు ఆనుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. తర్వాత ఏసుపాదం కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాచడమెందుకు?

ఆదివారం పందిరి నిండిపోయింది. గిద్యోను లేచేసరికి ముందు వరస పిల్లలు పాము కోసం పెదాలు సర్దుకున్నారు.

"సంఘానికి వందనాలు," అన్నాడతను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. "అదుగో, ఆ గోడ నేను కట్టాను. మూడు వేళ్ళు వాలింది. ఉన్న మాట చెప్పినందుకు మా తమ్ముడితో మూడేళ్ళు మాట్లాడలేదు. నిన్న మాట్లాడాను. సాయంత్రం వాళ్ళింట్లో చేపల పులుసు తిన్నాను. ప్రభువుకు స్తోత్రం."

కూర్చున్నాడు. అంతే, అర నిమిషం. అయిదు ఊళ్ళ జనం ఒక్కసారిగా తలలు తిప్పి గోడ వైపు చూశారు. వెనక నుంచి ఏసుపాదం "హల్లెలూయా!" అని కేక పెట్టాడు. ఆ మీదట పందిరి ఆగలేదు. డోలకులూ తాళాలూ అందుకున్నాయి, ఆడవాళ్ళు చప్పట్లతో పాటెత్తుకున్నారు, నాలాంటి బండ గొంతులు కూడా సిగ్గు మానేశాయి. అంత సంతోషం మా చర్చిలో నేను అంతకుముందు చూడలేదు.

భోజనాల వేళ గిద్యోను ఆకు ముందు కూర్చోకుండా కృపావతమ్మ గారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మగారండీ," అన్నాడు మెల్లగా, "ఇప్పుడు కాస్తయినా ఎదిగానంటారా?"

ఆవిడ అన్నం కలుపుకుంటూ, బంతి చివర సాంబారు బకెట్టుతో తిరుగుతున్న మనిషి వైపు చూశారు.

"నన్నడుగుతావేంటి నాయనా?" అన్నారు. "వెళ్ళి ఏసుపాదాన్ని అడుగు."