పెద్దమలా? నీలికోనా?

ఆ మూడు దారుల కూడలిలో ఒక బోర్డు ఉంది. కుడివైపు బాణం పెద్దమల నేషనల్ పార్కుకి, ఎడమవైపు బాణం నీలికోన నేషనల్ పార్కుకి. ఆ బోర్డు పక్క చేలోనే గొర్రెల కాపరి ఎర్రిస్వామి తన మంద దింపాడు. కోతలయ్యాక రైతులు ఇలా చేలల్లో మంద కట్టించుకుంటారు. గొర్రెలు రాత్రంతా అక్కడే పడుకుంటే చేనికి ఎరువు పడుతుంది. రైతుకి ఎరువు, కాపరికి గింజలు. గొర్రెలకి మాత్రం ముళ్ళకంచె మధ్య ఇంత చోటు.

పార్కులు చూడవచ్చిన కార్లన్నీ ఆ బోర్డు కింద ఆగేవి. వాటిలోంచి మనుషులు దిగి, అటా ఇటా అని కాసేపు పోట్లాడుకుని, ఏదో ఒక వైపు వెళ్ళిపోయేవారు. కంచె లోపల గొర్రెలు నెమరు వేస్తూ అన్నీ వినేవి. వినడంతోనే తెలివి వచ్చేటట్టయితే గోడలన్నీ పండితులయ్యేవి. కానీ ఆ మాట పొట్టేలు కొమ్ములయ్యకి ఎవరు చెప్పాలి?

"సిగ్గుచేటు! ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చూసిపోతున్నారు. పక్కనే ఉండి మనం చూడలేదంటే నలుగురిలో తలెత్తుకోగలమా?" అన్నాడు కొమ్ములయ్య.

"నలుగురంటే ఎవరు నాయనా?" అని అడిగింది చుక్కమ్మ. ఆ మందలో ముసలి మేక ఆమె ఒక్కతే. వారం కిందట పుట్టిన మనవరాలు ఆమె పొట్ట కిందే పడుకుని ఉంది. "మనల్ని ఎవరైనా అడిగారా, చూశారా అని?"

"అడిగే రోజు రాకముందే చూసి ఉండాలత్తా," అన్నాడు కొమ్ములయ్య గంభీరంగా.

ఆ కబురు గాలి మోసిందో ఏమో, మర్నాడు మిట్టమధ్యాహ్నానికి కంచె అవతల నక్క జిత్తప్ప ప్రత్యక్షమయ్యాడు. ఎర్రిస్వామి ఆ రోజు చెల్లెలి బిడ్డకి పేరు పెడుతున్నారని పొరుగూరు వెళ్ళాడు, పొద్దుగూకితే గానీ రాడు. రాత్రంతా కాపలా కాసిన కుక్కలు రెండూ కంచె బయట మొద్దునిద్రలో ఉన్నాయి. భైరి గడ్డివామి వెనక, సింగడు గోనెపట్టా వేలాడే బండి కింద. చుట్టుదారిన వచ్చిన నక్కకి ఆ సంగతి తెలియదు. రోజూ అదే చోట పడుకునే వాటి గురించి మందకి చెప్పక్కర్లేదు.

"యాత్రకి బయలుదేరుతున్నారట కదా బావా," అన్నాడు జిత్తప్ప వినయంగా. నక్క వినయం సంగతి మీకు తెలిసిందే. "నడక భారం మీది, చూపించే భారం నాది. ఒక్క మాట చెప్పండి చాలు. పెద్దమలా? నీలికోనా?"

అంతే. మందంతా ఆ ఒక్క ప్రశ్న మీద పడింది.

"పెద్దమలలో ఏముంది?" అన్నాడు కొమ్ములయ్య.

"పులి! అక్కడికి వెళ్ళే మనుషులు జీపుల్లో రోజంతా తిరిగి, తోక కూడా కనపడక ఏడుస్తూ ఇంటికి పోతారు. మీకైతే తప్పకుండా కనపడుతుంది. పూచీ నాది. అదీ దగ్గర్నుంచి."

"మరి నీలికోనలో?" అని అడిగింది సామాన్లు మోసే గాడిద ఓబులు.

"జలపాతం. మెత్తటి గడ్డి. చెట్టుచెట్టుకీ చిరుత. అక్కడ మా బావమరిది చూపిస్తాడు. మనిషి నాకంటే మంచివాడు."

మంద రెండుగా చీలింది. పెద్దమల వర్గానికి కొమ్ములయ్య నాయకుడు, నీలికోన వర్గానికి ఓబులు. నీళ్ళు ఎక్కడ తియ్యన, నీడ ఎక్కడ చల్లన అని అరుచుకున్నారు. ఇంతకీ రెండూ చూసినవాళ్ళు అందులో ఒక్కరూ లేరు. అందుకే వాదన అంత గట్టిగా సాగింది.

చుక్కమ్మ మనవరాలిని పక్కకి జరిపి మెల్లగా కంచె దగ్గరికి వచ్చింది.

"అల్లుడూ, పులిని మనం చూస్తాం, బాగానే ఉంది. అది మనల్ని చూస్తే?"

"మనుషుల్ని చూడ్డం లేదూ? ఏమైంది?" అని అడ్డొచ్చాడు కొమ్ములయ్య.

"వాళ్ళు జీపులో కూర్చుంటారు నాయనా. మనం విస్తట్లో కూర్చుంటాం."

"అబ్బ, అత్తకి అన్నీ అనుమానాలే!" అని నవ్వాడు జిత్తప్ప. "ఇంతకీ పెద్దమలా? నీలికోనా?"

"అది తర్వాత. ఇంతకుముందు నువ్వు తీసుకెళ్ళిన వాళ్ళెవరైనా ఉన్నారా?"

"బోలెడుమంది!"

"తిరిగొచ్చి ఏమన్నారు?"

"ఎవరూ తిరిగి రాలేదత్తా. అంత బాగుంది మరి!"

"విన్నారా!" అన్నాడు కొమ్ములయ్య, కళ్ళు మెరుస్తుంటే. "వెళ్ళినవాళ్ళకి తిరిగి రాబుద్ధి కాలేదట!"

చుక్కమ్మ మంద వైపు ఒకసారి చూసింది. గొర్రె కసాయినే నమ్ముతుందని ఊరికే అనలేదు. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికని చెబుదామనుకుంది. వినేలా ఉన్నారా? ఒకవైపు కొమ్ములయ్య అప్పుడే కంచెకి తలుపులా కట్టిన తడిక తాడుని కొమ్ములతో విప్పుతున్నాడు. అరిస్తే నక్క పారిపోతుంది, రేపు మళ్ళీ వస్తుంది. వీళ్ళకి నోటితో చెబితే లాభం లేదు. చూపించాలి.

"సరే అల్లుడూ, ఒప్పుకున్నాను," అంది. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. "కానీ పసిపిల్లలు అంత దూరం నడవలేరు. ముందు వాళ్ళని నువ్వు దిగబెట్టి రావాలి. ఇద్దరున్నారు. ఒకటి ఆ బండి కింద పడుకుంది, ఇంకొకటి గడ్డివామి వెనక. ఒక్కసారికి ఒక్కటే కదా మోయగలవు. ఏది ముందు?"

కొమ్ములయ్య నోరు తెరిచాడు. అక్కడ పడుకునేది ఎవరో గుర్తొచ్చి ఏదో అనబోతే, చుక్కమ్మ అతని కాలు తొక్కింది.

జిత్తప్ప నోట్లో నీళ్ళూరాయి. బండి వైపు చూశాడు, వామి వైపు చూశాడు. "బండి కింద నీడ బాగుంది," అన్నాడు.

"చల్లగా కూడా ఉంటుంది," అంది చుక్కమ్మ.

"వామి వెనకైతే చాటు. ఎవరి కంటా పడదు."

"మెత్తగా కూడా ఉంటుంది."

నక్క ఎటూ తేల్చుకోలేక ఒక కాలు ఎత్తి, దించి, ఆఖరికి ఉండబట్టలేక అడిగేశాడు. "అది సరే గానీ అత్తా, రెండిట్లో ఏది బలిసింది?"

మంద ఒక్కసారిగా నెమరు ఆపేసింది. ఓబులు చెవులు నిక్కపొడుచుకున్నాయి. కొమ్ములయ్య విప్పుతున్న తాడుని వదిలేశాడు.

"వామి వెనకది కాస్త ఎక్కువే బలిసింది నాయనా," అంది చుక్కమ్మ.

జిత్తప్ప ఒక్క దూకున వామి వెనక్కి వెళ్ళాడు. అక్కడ భైరి లేచింది. కెవ్వుమని అక్కణ్ణించి బండి కిందికి దూరాడు. అక్కడ సింగడు లేచాడు. ఇక చూడాలి ఆ పరుగు! నక్క రోడ్డెక్కేసరికి తోకలో సగం సింగడి నోట్లో ఉంది.

"రెండు చోట్లా కుక్కలేనా!" అని ఏడ్చాడు జిత్తప్ప బోర్డు కింద నిలబడి.

"నువ్వు అడిగింది ఏది బలిసిందనే కదా," అని కేకేసింది చుక్కమ్మ. "ఉన్నది ఏమిటని అడిగావా? పోనీలే అల్లుడూ, ఇప్పుడు తీరిగ్గా ఆలోచించుకో. పెద్దమలా? నీలికోనా?"

వెనక నుంచి కుక్కలు వస్తుంటే ఆలోచించడానికి తీరికెక్కడిది? బోర్డు చూడకుండానే పరుగెత్తాడు.

కొమ్ములయ్య తడిక తాడుని పళ్ళతో మళ్ళీ బిగించడానికి తంటాలు పడుతూ, "నాకు మొదట్నుంచీ అనుమానమేనత్తా," అన్నాడు.

"తెలుసు నాయనా," అంది చుక్కమ్మ, మనవరాలిని పొట్ట కిందికి లాక్కుంటూ. "అందుకే ముందు నువ్వు బయలుదేరావు."

ఇదా అదా అని ఊరించేవాడు ఎదురైతే, ఏది మేలని తేల్చుకునే ముందు అసలు ఎందుకని అడగాలి.