బర్నబాసు తాత చెప్పిన బాతుపిల్ల సినిమా

అనగనగనగా, గోదారి మధ్యలో ఒక లంక ఊరు ఉండేది కన్నా. ఆ ఊళ్ళో బర్నబాసు అని ఒక తాత. చర్చిలో గంట కొట్టడం ఆయన పని.

ఏటా క్రిస్మస్ ముందురోజు సాయంత్రం టీవీలో ఒక బొమ్మల సినిమా వచ్చేది. మంచుదేశంలో తుఫానుకి తప్పిపోయిన బాతుపిల్ల కథ. చర్చిలో చాపలు పరిచి పిల్లలందర్నీ కూర్చోబెట్టేవాళ్ళు. అయితే అందులో కథ చెప్పే మనిషి ఇంగ్లీషులో చెప్పేవాడు. ఒక్క ముక్క ఎవరికీ అర్థమయ్యేది కాదు. అప్పుడు టీవీ నోరు నొక్కేసి, పక్కన నిలబడి బర్నబాసు తెలుగులో చెప్పేవాడు.

ఆయనకి మాత్రం ఇంగ్లీషు వచ్చా ఏమిటి! బొమ్మల మొహాలు చూసి అల్లేవాడు.

ఆ పిల్లల్లో రూతు అని ఒక పాప. వాళ్ళమ్మని వరద తీసుకుపోయింది, మళ్ళీ కనబడలేదు. ఆ పాప మొహం చూసి, సినిమా చివర వచ్చే ముసలి బాతుని "అదిగో వాళ్ళమ్మ, ఈదుకుంటూ వచ్చేసింది" అన్నాడు బర్నబాసు. రూతు నవ్వింది. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే చెప్పాడు.

ఒక ఏడు ఆ సినిమా తెలుగులోనే వచ్చింది. సంఘపెద్ద ఇశ్రాయేలు కుర్చీ వేసి, "ఇంక గొంతు చించుకోకు బాబాయ్, టీవీయే తెలుగు నేర్చుకుంది" అన్నాడు.

బర్నబాసు రూతు వైపు చూశాడు. లేచి, నేనే చెబుతానన్నాడు. అందరూ కూర్చోమన్నారు. మళ్ళీ లేచి సౌండు తగ్గించబోయాడు. పిల్లలు గోలపెట్టి చెయ్యి లాగేశారు. మూడోసారి దగ్గాడు, టీవీ మాట వినబడకుండా గట్టిగా దగ్గాడు. పాపం, ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

ఆయన నీళ్ళు తాగేలోపే టీవీలో మనిషి చల్లగా చెప్పేశాడు. పిల్ల తల్లి తుఫానులోనే చచ్చిపోయిందట. వచ్చిన ముసలి బాతు దారినపోయేదట, జాలిపడి చేరదీసిందట.

రూతు వెనక్కి తిరిగింది.

"తాతా, వాళ్ళమ్మ కాదంట."

బర్నబాసు నీళ్ళ గ్లాసు కింద పెట్టాడు.

రూతు ఎప్పుడూ చాపమీద తన పక్కన కాస్త చోటు వదిలి కూర్చునేది. ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. ఎవరికోసమే అని ఎవరూ అడగలేదు. అప్పుడు ఆ పాప, గోడవార నిలబడ్డ ఇంకో పిల్లని చేత్తో పిలిచింది.

"ఇలా వచ్చి కూర్చో. ఇక్కడికి ఎవరూ రారులే."

బర్నబాసు తల ఎత్తలేకపోయాడు.

అంతే కన్నా. ఇలా నా దగ్గరికి జరుగు.

కథేమో కంచికెళ్ళింది, కునుకేమో కంటికొచ్చింది.