తిరిగి ఇచ్చే గడువు

చిన్న లాప్‌టాప్ ఒకటి గంగిరాజు చేతికి వచ్చి ఆరు రోజులైంది. చవక రకం. అది మంచిదో కాదో అతనికి తేలడం లేదు. పది రోజుల్లోపు వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయొచ్చు, కాకపోతే అట్టపెట్టె చెక్కుచెదరకుండా ఉండాలి. ఆ పెట్టెను అతను చంటిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు.

కొన్నది తన కోసం కాదు. ప్రొద్దుటూరులో అచల వేదాంతం చెప్పే ఓబుళాచారి అనే గురువు దగ్గర అతను శిష్యుడు. ఆయనకు ఎనభై నాలుగేళ్లు. బంగారు పని చేసిన చెయ్యి, చూపు ఆనక మానేశాడు. ఆయన నోట్లో అరవై దాకా తత్వాల పాటలున్నాయి. ఎక్కడా రాసి లేవు. ఈ మధ్య ఒక పాట చరణం పోయి ఇంకో పాటలో కలుస్తోంది. మిగతా శిష్యులు ఒక్కొక్కరే కాలం చేశారు. ఇక గంగిరాజు రాసుకుంటే ఉంటాయి, లేకపోతే ఆయనతోనే పోతాయి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఫోన్‌లో రికార్డు చేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు.

"ఫోను వింటే నీకేమొస్తాది? నువ్వు విని రాయి" అన్నాడు.

గంగిరాజుకు యాభై ఆరేళ్లు. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూటు నడిపాడు. అది మూతబడ్డాక దాని పైగదిలోనే ఒక్కడూ ఉంటున్నాడు. మనిషి మంచివాడే గానీ దేన్నయినా తూచి తూచి చూసే జబ్బు ఉంది. వయసులో ఉండగా పెళ్లిచూపులకు పదకొండు ఇళ్లకు వెళ్లాడు. ఒకచోట పిల్ల గొంతు పెద్దదన్నాడు, ఇంకోచోట ఆ ఊరికి బస్సు సరిగ్గా లేదన్నాడు. పన్నెండో ఇంటివాళ్లు రమ్మనలేదు.

పాటలు రాయడానికి ముందు నోటుపుస్తకమే కొన్నాడు. సిరా అవతలి పక్కకు దిగుతోందన్నాడు. ఇంకోటి కొంటే దాని కుట్టు నచ్చలేదు. తర్వాత పెన్ను పట్టుకుంటే చెయ్యి వణుకుతోందన్నాడు, అది మాత్రం నిజం. టైపు చేసేటప్పుడు వణకదు. అందుకే ఈ లాప్‌టాప్.

కుట్టు నచ్చని ఆ నోటుపుస్తకంలోనే ఇప్పుడు దీని గుణాలు ఒక పక్క, దోషాలు ఒక పక్క రాస్తున్నాడు. రోజూ పొద్దున్నే వెళ్లి గురువు ఎదుట కూర్చుని చదువుతాడు.

"బరువు లేదు స్వామీ, చంకలో పెట్టుకోని పోవచ్చు. ఒకసారి చార్జింగు పెడితే సాయంత్రందాకా వస్తాది. చప్పుడు చెయ్యదు. తెలుగు అక్షరాలు బాగా పడతాండాయి."

"ఇంగేం మరి?"

"స్క్రీను చిన్నది. ఎండలో కూర్చుంటే ఏమీ కనపడదు. మూత ప్లాస్టిక్కు, ఒత్తితే వంగుతాది. రెండు పనులు ఒకేసారి చేయమంటే ఆగి ఆగి చేస్తాది. దాచుకునే జాగా కూడా తక్కువ స్వామీ."

"ఎన్ని పాటలు పడతాయి?"

గంగిరాజు మనసులో లెక్క వేసుకున్నాడు. "పాటలయితే లక్షల్లో పడతాయి."

"నా కాడ అరవై గూడా లేవే" అన్నాడు ఓబుళాచారి.

గంగిరాజు నవ్వాడు. మర్నాడు మాత్రం మళ్లీ పుస్తకం తెరిచాడు. అక్షరాల మీటలు ఇరుకుగా ఉన్నాయట.

ఉన్నమాట చెప్పుకోవాలి. అతనికి ఇంటికి వెళ్తే మాట్లాడే మనిషి లేడు. ఆ గుణదోషాలు గురువుకు చదివి వినిపించే గంటసేపే రోజు మొత్తంలో అతని గొంతు అతనికి వినపడేది. రాయడం మొదలుపెడితే అరవై పాటలు ఎన్నాళ్లొస్తాయి? అయిపోయాక ఏ పని చెప్పుకుని ఈ గడప తొక్కాలి? ఈ భయం అతను ఆ పుస్తకంలో ఏ పక్కా రాయలేదు.

తొమ్మిదో రోజు వాన పడుతోంది. గంగిరాజు లాప్‌టాప్‌ను పెట్టెలో సర్ది, పెట్టెకు ప్లాస్టిక్ కవరు చుట్టి తెచ్చాడు. దాన్ని తిరిగి ఇచ్చేద్దామని నిశ్చయించుకున్నాడు. కొంచెం పెద్దది, ఇంతకంటే మంచిది, వచ్చే నెలలో చూడొచ్చు.

ఓబుళాచారి కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. బొగ్గులు చెమ్మగిల్లి రాజుకోవడం లేదు. గంగిరాజు తిరిగి ఇచ్చేసే సంగతి చెప్పాడు.

"పోయేదేదో పోతాది, ఒకసారి నా చేతికియ్యి" అన్నాడు.

గంగిరాజు లాప్‌టాప్ తీసి ఇచ్చాడు. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు, అంచులు వేళ్లతో తడిమాడు, తెరిచి గంగిరాజు ఒళ్లో పెట్టాడు. తర్వాత పక్కనున్న అట్టపెట్టెను అందుకుని మోకాలి మీద పెట్టి చించాడు. చించిన ముక్కలు కుంపట్లో వేసి ఊదాడు.

గంగిరాజు చెయ్యి చాచేలోగా మంట లేచింది.

"స్వామీ, పెట్టె లేకుంటే వాళ్లు తీసుకోరు."

"కాఫీకి నీళ్లు కాగాల గదా నాయనా" అన్నాడు ఆయన, ఇంకో ముక్క వేస్తూ.

పెట్టె మొత్తం కాలిపోయింది. బొగ్గులు అంటుకున్నాక ఆయన వాటి మీద నీళ్ల గిన్నె పెట్టాడు. గంగిరాజు ఒళ్లో ఆ చిన్న తెర తెల్లగా వెలుగుతోంది. చేయడానికి ఇంకేమీ మిగల్లేదు. అతను వేళ్లు మీటల మీద పెట్టాడు. అవేమీ ఇరుకుగా లేవు.

ఓబుళాచారి గొంతు సవరించుకుని మెల్లగా ఎత్తుకున్నాడు.

"దారి అడిగితివి గాని దాహమడగవైతివి,
ఊరు చూస్తివి గాని ఉన్నవాని చూడవైతివి..."

గంగిరాజు రెండు వరసలూ కొట్టి ఆగాడు. ఆయన కూడా ఆగాడు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. అక్కడికే వచ్చి మళ్లీ ఆగాడు. కళ్లు మూసుకుని పెదవులు కదిపాడు. గిన్నెలో నీళ్లు మరిగిపోతున్నా ఇద్దరూ చూడలేదు.

"మూడోది రావడం లేదు" అన్నాడు చివరికి.

"పోయిన వారం వచ్చింది గదా స్వామీ. ఇది నా చేతికొచ్చిన రోజు మీరు పూర్తిగా పాడినారు."

"నువ్వు వింటివి గదా, చెప్పు."

గంగిరాజు తల వంచుకున్నాడు. "వినలేదు స్వామీ. దీన్ని ఎండలో పెట్టి, స్క్రీను కనపడతాదా లేదా అని చూస్తాంటి."

వాన అట్లాగే పడుతోంది. ఆ పాట తెలిసిన మనిషి లోకంలో ఇంకొకడు లేడు. గంగిరాజుకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటే మీటలు తడుస్తాయని చేతులు కదపలేదు.

ఓబుళాచారి గిన్నె దించి పక్కన పెట్టాడు.

"ఒక వరస ఖాళీ ఇడిసిపెట్టు" అన్నాడు. "తర్వాతది చెప్తా, రాయి."