సుంకమ్మ గాలిని ఎవరు మింగారు?

అనగనగా ఓ ఊరు, ఆ ఊరికి తలగడ పెట్టినట్టు వెనకాల ఓ గుట్ట. ఆ ఊళ్ళో సుంకమ్మ అని ఒకావిడ ఉండేది. మనిషి మంచిదే, నోరే కాస్త పెద్దది. కోడిని తిట్టేది, కోడలిని తిట్టేది, ఎవరూ దొరక్కపోతే వాకిలిని తిడుతూ ఊడ్చేది. నవ్వింది చాలు గానీ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని విను.

ఆ ఏడు సుంకమ్మ చేలో కొర్ర బాగా పండింది. కంకులు కోసి, కళ్ళంలో తొక్కించి, కుప్ప పోశారు. ఆ కుప్పే వాళ్ళ ఇంటికి ఏడాది తిండి. మళ్ళీ విత్తుకోవడానికి విత్తనమూ అదే.

కానీ కుప్పలో గింజా పొట్టూ కలిసే ఉంటాయి కదా? వాటిని విడదీయాలంటే పీట ఎక్కి, చేట ఎత్తి పట్టుకుని, గాలి వీస్తుండగా మెల్లగా జారవిడవాలి. అప్పుడు గింజ కింద పడుతుంది, పొట్టు పక్కకి ఎగిరిపోతుంది. దాన్నే తూర్పారబట్టడం అంటారు.

సుంకమ్మ కొంగు దోపి పీట ఎక్కింది. చేట ఎత్తింది. ఎక్కడా గాలి లేదు, ఆకు కూడా కదలడం లేదు. పొట్టూ గింజా కలిసి ఆమె కాళ్ళ మీదే పడ్డాయి.

అప్పుడు సుంకమ్మ గుట్ట వైపు చూసింది. ఆ గుట్ట మీద కొత్తగా ఓ గాలిమర పెట్టారు. దానికి మూడు పెద్ద పెద్ద రెక్కలు. అది తిరిగితే కరెంటు పుడుతుందని ఊరంతా సంబరపడింది. సుంకమ్మకి మాత్రం మొదట్నుంచీ అనుమానమే. అంత ఒళ్ళున్నది ఏం తిని బతుకుతుంది? గాలే తింటుంది! ఇదిగో, ఊరి గాలంతా మింగేసి ఇప్పుడు కదలకుండా నిలబడింది.

వెంటనే గుట్టెక్కి తిట్లకి దిగింది. "ఓసి తిండిపోతుదానా! మా కళ్ళం గాలి కూడా నువ్వే మింగుతాండావా?" గాలిమర ఉలకలేదు, పలకలేదు. గాలీ రాలేదు.

మర్నాడు తిట్లు మానేసి కొర్ర పాయసం వండింది. గిన్నె పట్టుకుని మళ్ళీ గుట్టెక్కి, గాలిమర కాళ్ళ దగ్గర పెట్టి దండం పెట్టింది. "ఆకలైతే ఇది తిను తల్లీ. గాలి మాత్రం మాకు ఇడిసిపెట్టు." పాయసం చీమలు తిన్నాయి. గాలి రాలేదు.

మూడో రోజు ఆకాశం మూలన నల్లమబ్బు కనిపించింది. సుంకమ్మ కుప్ప దగ్గరికి పరిగెత్తింది. వాన పడితే కుప్ప తడుస్తుంది. తడిస్తే మొలకెత్తుతుంది, కుళ్ళిపోతుంది. ఏడాదంతా ఏం తినాలి? ఆ భయానికి కుప్ప పక్కనే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

అప్పుడు కోడలు అంజినమ్మ వచ్చింది. మిద్దె మీది సోలార్ ప్లేటు విప్పి నెత్తిన పెట్టుకుంది, ఇంట్లోని ఫ్యాను చంకన పెట్టుకుంది. ఆ ప్లేటు బిగించిన రోజున సుంకమ్మ ఏమందో తెలుసా? "రొట్టెలు కాల్చే పెనమా అది?" అంది. కోడలు ఆ మాట మనసులో పెట్టుకోలేదు.

"లే అత్తా. గాలి రాకుంటే మనమే చేసుకుందాం. ఎండ ఉండాది గదా!"

ప్లేటుని ఎండకి పెట్టి, వైరు కలిపింది. ఫ్యాను గిర్రున తిరిగింది. సుంకమ్మ పీట ఎక్కి చేట వంచింది. గింజ కింద పడింది, పొట్టు ఎగిరింది! "ఎండలోంచి గాలి తీసినావా!" అని ఆశ్చర్యంగా నోరు తెరిచింది. నోటి నిండా పొట్టు పడింది.

సగం కుప్ప అయింది. ఆ తర్వాత మబ్బు పాకి పాకి వచ్చి సూర్యుణ్ణి కప్పేసింది. ఫ్యాను నీరసపడి, ఇంకొక్క చుట్టు తిరిగి, ఆగిపోయింది.

"నీ ప్లేటు కూడా నట్టేట్లో వదిలేసింది గదే!" అంది సుంకమ్మ. అంజినమ్మ ఆగిన ఫ్యాను రెక్కని వేలితో తిప్పి చూసింది. ఆమెకీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సుంకమ్మ ఆ కోపంతోనే గాలిమరని మళ్ళీ తిడదామని తల తిప్పింది. తిట్టు నోట్లోనే ఆగిపోయింది. రెక్క కదులుతోంది! ఒక రెక్క దిగింది, ఇంకో రెక్క లేచింది, ఆ తర్వాత మూడూ తిరగడం మొదలుపెట్టాయి.

'గాలిని మింగేదైతే ఈ మూడు రోజులూ అట్లా బిగుసుకుపోయి ఎందుకుంటుంది? పాపం, నేను చేట పట్టుకుని చూసినట్టే అదీ గాలి కోసం ఎదురుచూసింది' అనుకుంది సుంకమ్మ. దాన్ని అన్నన్ని మాటలన్నందుకు సిగ్గేసింది.

"అంజినీ! గుట్ట మీదికి గాలొచ్చింది. మన మీదికీ వస్తాది, లేయే!"

అన్నట్టే వచ్చింది వానగాలి. అత్త చేట వంచుతుంటే కోడలు కుప్పలోంచి ఎత్తి అందించింది. పొట్టంతా పొలం దాటి పోయింది. మూటలు కట్టారు, మోసుకుంటూ పరిగెత్తారు. చివరి మూట గడప దాటగానే టపటపా చినుకులు పడ్డాయి.

ఆ వానకి ఊళ్ళో కరెంటు పోయింది. గాలీ ఆగిపోయింది. అయినా వాళ్ళ వంటింట్లో మాత్రం దీపం వెలుగుతూనే ఉంది.

"ఎండా లేదు, గాలీ లేదు. ఇది ఎట్లా ఎలుగుతాందే?"

"నిన్న మన మిద్దె మీద పడిన ఎండే అత్తా. ఈ బ్యాటరీ పెట్టెలో దాచినాం."

సుంకమ్మ ఆ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎండకి గాదె కట్టినారా!"

"శానా చిన్న గాదె అత్తా. దీపానికే చాలతాది. ఫ్యాను పెడితే ఇట్టే ఖాళీ అయిపోతాది. ఊరికంతా సరిపోయే గాదె ఇంకా కట్టుకోవల్ల."

"కట్టుకోండి మరి! మా అవ్వ కాలంలో గింజలు కూడా కుండలోనే దాచేటోళ్ళంట. పంట పెరిగేకొద్దీ గాదె కట్టడం నేర్చుకున్యారు. మీరూ నేర్చుకుంటారులే."

అంటూ కోడలిని కూర్చోబెట్టి, ఆ దీపం వెలుతుర్లో వేడి వేడి కొర్రన్నం తన చేత్తో వడ్డించింది. ఆ పూట ఎవరినీ తిట్టలేదు.

గాలి వచ్చి పొట్టు ఊదె,
ఎండ వచ్చి నింపె గాదె,
వాన వచ్చి తలుపు తట్టె,
కథ కంచికి మూట కట్టె,
మా చిట్టికి కునుకు పట్టె!