మారెప్ప విప్పిన ముడి

అనగా అనగా ఒక ఊరు. పేరు అడగొద్దు. వానలు లేక ఊరు పోయింది, పేరూ దానితోనే పోయింది. మారెప్ప కథ మాత్రం పోలేదు. ఊఁ కొట్టేవాళ్లు కొట్టండి, కొట్టనివాళ్లు ఊరికే వినండి.

ఆ ఊరికి పడమట ఒక మట్టికోట, కోటలో ఒక పాలెగాడు. ఊరికి తూర్పున వాడ, వాడలో చివరి గుడిసె మారెప్పది. మారెప్ప చర్నాకోలలు అల్లేవాడు. తాత అల్లాడు, తండ్రి అల్లాడు, మారెప్పా అల్లాడు.

ఎట్లా అల్లేవాడో చెప్తాను. తోలును సున్నంలో వేసి బొచ్చు తీసేవాడు. తంగేడు చెక్క నీళ్లలో నానవేసి పదును చేసేవాడు. ఆ తోలును నేలమీద పరిచి, అంచున కత్తి పెట్టి, గుండ్రంగా కోసుకుంటూ కోసుకుంటూ నడిమికి వచ్చేవాడు. అతుకు లేని ఒకటే తోలువారు వచ్చేది, చేనుగట్టంత పొడుగు. దాన్ని పేటలుగా తెంచి, తడిపి, ఒక కొస కాలి బొటనవేలికి తగిలించి అల్లేవాడు. ఒకటి మీద, ఒకటి కింద, ఒకటి లోపలికి. ఒకటి మీద, ఒకటి కింద, ఒకటి లోపలికి. పెదవులు కదిలేవి గాని మాట బయటికి వచ్చేది కాదు.

కొసన ముడి వేసే ముందు ఒక పేటను రెండుసార్లు లాగేవాడు. అక్కడ ఉలవగింజంత బొడిపె లేచేది. అది మారెప్ప చేతి గుర్తు. సంతలో రైతులు కొస తడిమి, "ఉలవ ఉందా?" అని చూసి కొనేవాళ్లు.

"తడి మీద నేను వేసిన ముడి ఎండిందంటే, నీళ్లు ముట్టకుండా ఏ దేవుడు విప్పుతాడో రమ్మను" అనేవాడు మారెప్ప. ఆ ఒక్క గొప్ప తప్ప ఆ మనిషికి ఇంకేమీ లేదు.

ఇంకొక పద్ధతి ఉండేది. ఎవరు అడిగినా ముందు పోయి గొడ్డును చూసి వచ్చేవాడు. వీపు నిమిరి, తోలు మందం చూసి, కంట్లో బెదురు చూసి, అప్పుడు పనికి కూర్చునేవాడు. "సగం ఎద్దులకు చప్పుడే చాలు. గాలిలో మోగితే కదులుతాయి. దెబ్బ తగిలేట్టు అల్లేవాడు పనివాడు కాదు" అనేవాడు.

ఒకనాడు పాలెగాడు గుర్రమెక్కి వాడ దాకా వచ్చాడు. దొర వాడకు రావడం అదే మొదలు.

"మారెప్పా, నీ చేయి మంచిదంటారే. నాకొక కొరడా కావాల. బరువుగా ఉండాల. ఒక్క దెబ్బకు కూలబడాల."

"ఏ గొడ్డుకు దొరా?"

"మొండి గొడ్డు. చెప్పిన మాట వినదు."

"ఒకసారి చూస్తే..."

"నేను చెప్తే చాలదా?"

చాలుననుకున్నాడు మారెప్ప. దొర తన గుడిసె ముందు నిలబడి ఉన్నాడు. వాడంతా చూస్తోంది. ఆ చూపులకు మారెప్ప ఛాతీ ఉబ్బింది. గొడ్డును చూడకుండా పనికి కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

కొరడా కడుపులో ఎండిన నరం పెట్టి, దాని మీద ఎనిమిది పేటలు వేశాడు. పెండ్లాం ఉరుకుందమ్మ చేట పక్కన పెట్టి వచ్చి చూసింది.

"ఏమయ్యో, అది కొరడానా, రోకలిబండా?"

"మొండి గొడ్డంట."

"నువ్వు చూసినావా?"

"దొర చూసినాడు."

"దొర చూసినదానికి నువ్వు అల్లేదేంది? పిల్లను ఊరోళ్లు చూసి వస్తే నువ్వు తాళి కట్టినట్టుంది."

మారెప్ప నవ్వి, పేట లాగి బిగించాడు. ఒకటి మీద, ఒకటి కింద, ఒకటి లోపలికి. కొసన ఉలవ లేపాడు. ముడి వేశాడు.

ఆ ఏడు వానలు లేవు. పాలెగాడు కోటగోడ పెంచడానికి ఇంటికొక మనిషిని రాళ్లు మోయ రమ్మన్నాడు. మారెప్ప ఇంటి నుంచి తమ్ముడు తిప్పన్న పోయాడు. తిప్పన్న ఎక్కడుంటే అక్కడ నవ్వు. రాళ్లు మోస్తూ కూడా పక్కవాణ్ణి నవ్వించేవాడు. ఒక మధ్యాహ్నం కాళ్లు తేలిపోయి కూర్చున్నాడు. లేవమంటే లేవలేకపోయాడు.

నలుగురు మనుషులు అతన్ని తడిక మీద మోసుకొచ్చి గుడిసెలో బోర్లా పండబెట్టారు. మారెప్ప వేడినీళ్లతో తమ్ముడి వీపు తుడిచాడు. నెత్తురు పోయాక చూశాడు. అవి ఉత్త వాతలు కావు. అల్లిక. ఒకటి మీద, ఒకటి కింద, ఒకటి లోపలికి. ప్రతి వాత కొసనా ఉలవగింజంత గుంట.

మారెప్ప ఆ గుంటను వేలితో తడిమాడు.

"చూసినావా అన్నా నీ పని?" అన్నాడు తిప్పన్న, మొగం చాపకు ఆనించే. "అంతమందిని కొట్టినా ఒక్క పేట లేవలేదు."

"ఊరుకో రా."

"మీ అన్న చేసిందేనా అని అందరూ అడుగుతాండారు. ఔనన్నాను. ఉలవ ఉండె, కాదంటే నమ్ముతారా?"

నవ్వబోయాడు, నవ్వు రాలేదు. మూడోనాడు పొద్దు గూకకముందే పోయాడు. ఆ మరునాడు ఇంకొక ఇంటికి తడిక వచ్చింది.

ఉరుకుందమ్మ మొగుణ్ణి ఒక్క మాటా తిట్టలేదు. "పో. పోయి తెచ్చుకో. నీదే గదా" అంది.

మారెప్ప కోటకు పోయాడు. "దొరా, కొరడాకు ఆముదం పట్టాల. ఇస్తే పట్టి తెస్తాను."

"నీ చేతి పనికి ఆముదం కూడా కావాల్నా? ఇచ్చేటప్పుడు ఎండకు పగలదు, వానకు చివకదు అంటివే. పో."

రెండోసారి పోయాడు. "దొరా, దీన్ని మించింది అల్లి ఇస్తాను. పాతది నాకివ్వండి."

"కొత్తది తే. పాతదీ ఉండనీ. నాకు రెండు చేతులున్నాయి."

మూడోసారి పోయాడు. ఈసారి అబద్ధం ఆడలేదు. "దొరా, గొడ్డును చూడకుండా అల్లినాను. తప్పు నాది. ఆ ముడి నేను వేసింది, నేనే విప్పుకుంటాను."

పాలెగాడికి ఆ మాట వింతగా తోచింది. రాళ్లు మోసేవాళ్లందరూ వినేట్టు అన్నాడు. "విప్పు. ఇక్కడే, నా కండ్ల ముందర. నీళ్లు తగలకూడదు, కత్తి తగలకూడదు, నిప్పు తగలకూడదు. విప్పినావా, వార్లు నీవి. విప్పలేకపోతే నీ వీపు నాది."

కొరడా తెచ్చి మారెప్ప ముందు పడేశారు. ఎండిన ముడి ఇనుపగుండులా ఉంది. దేవుణ్ణి పందేనికి పిలిచిన నోరు ఇప్పుడు మూసుకుంది. గోళ్లతో పట్టాడు. ఒక గోరు పోయింది. ఇంకొకటి పోయింది. ఇంకొకటీ పోయింది. ముడి కదలలేదు.

"ఏం మారెప్పా, నీ ఉలవ మొలకెత్తలేదా?" అన్నాడు తలారి, ఆ కొరడా పట్టి కొట్టేవాడు వాడే.

మారెప్ప పండ్లతో పట్టాడు. చిగుళ్లు చిట్లాయి. వేళ్ల నెత్తురు, నోటి నెత్తురు కలిసి ముడి మీద పడ్డాయి. తోలు తాగింది. ఇంకా పడింది, ఇంకా తాగింది. పొద్దు వాలేసరికి తోలు మెత్తబడింది.

"దొరా, తడి తగిలింది! మోసం!" అని అరిచాడు తలారి.

పాలెగాడు వంగి చూశాడు.

"నీళ్లు కావు దొరా" అన్నాడు మారెప్ప.

గోడ మీద పని ఆగింది. గంపలు కిందికి దిగాయి. అంతమంది ముందర ఆడిన మాట, పాలెగాడు కాదనలేకపోయాడు. ముడి విడింది. ఉలవ విడింది. ఒకటి బయటికి, ఒకటి మీదికి, ఒకటి కిందికి. దీపాలవేళకు కొరడా లేదు. చెప్పులకు కూడా పనికిరాని వార్లు ఎనిమిది, ఒక ఎండునరం, అంతే.

"ముడి విప్పితే ఏమాయె?" అన్నాడు పాలెగాడు. "ఇంకొకడు వేస్తాడు."

"వేస్తాడేమో దొరా. నేను వేసింది మాత్రం లేదు."

ఆ చేతులు మళ్లీ పని చేయలేదు. వాచాయి, చీము పట్టాయి. ఉరుకుందమ్మే సంగటి కలిపి పెట్టేది. "నొప్పిగా ఉందా?" అని అడిగితే, "తిప్పన్నకు ఎంతుండెనో" అనేవాడు. వానలు పడేలోపు పోయాడు. ఆ ఏడు అసలు పడనే లేదు.

పాలెగాడు ఇంకొక కొరడా కోసం మూడు ఊర్లకు తలారిని పంపాడు. మూడు ఊర్ల పనివాళ్లూ భయపడి అల్లారు. ముడి దగ్గర మాత్రం ఆగారు. "మారెప్ప విప్పిన ముడి మేము వేయం. కావాలంటే దొరే వేసుకోవాల" అన్నారు. తలారి తిట్టాడు, కొట్టాడు, వాళ్లు వేయలేదు. పాలెగాడు తనే వేయబోయాడు. ముడి సరిగా కుదరలేదు. మొదటి విసురుకే పేటలన్నీ విడిపోయి మొగాన తగిలాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వేంత ధైర్యం ఎవరికీ లేదు.

పాలెగాడు చెడిపోయాడని, కోట కూలిందని కొందరు చెప్తారు. చెడలేదు, కూలలేదు. కొరడా లేకపోతే కట్టెలతో కొట్టించి గోడ కట్టించుకున్నాడు. ముసలివాడై మంచంలోనే పోయాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

కాని ఆ సీమలో ఈనాటికీ సంతలో చర్నాకోల కొనండి, కొస విడిగానే ఉంటుంది. అల్లినవాడు ముడి వేయడు. కొన్నవాడు అక్కడే, అందరి ముందర, తన చేత్తో వేసుకోవాలి. వేసేటప్పుడు అమ్మినవాడు "ఎవరికప్పా?" అని అడుగుతాడు. కొన్నవాడు తన ఎద్దు పేరు చెప్తాడు. రాముడనో, మైలగాడనో, కర్రెగిత్త అనో. ఏ పేరూ చెప్పకుండా నిలబడ్డవాడి చేతిలోంచి చర్నాకోలను మెల్లగా వెనక్కి తీసుకుంటారు. ఎంత పెద్ద మనిషైనా సరే, ఆనాడు ఉత్త చేతులతోనే ఇంటికి పోతాడు.