గంధం కుండ ఆగిన మెట్టు

మౌలాలి మళ్లీ మెట్ల మీద కూలబడ్డాడు.

ఎర్రగుట్ట మీది దర్గాలో ఉరుసు దగ్గరపడింది. రోజూ నీళ్లు నింపిన మట్టికుండ నెత్తిన పెట్టుకొని గుట్ట ఎక్కడం అలవాటు చేసుకుంటున్నాడు. ఆ రోజు సగం గుట్ట ఎక్కేసరికి ఒళ్లంతా చల్లటి చెమట పట్టింది. చేతులు వణికాయి. గుట్టా, దర్గా పచ్చజెండా, ఆకాశం కళ్ల ముందు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కుండ జారి మెట్టు మీద పగిలింది.

వెనకే వస్తున్న డప్పుల బుడేన్ సాబు, జేబులో ఉన్న, దర్గాలో ఫాతెహా చదివించిన చక్కెర తీసి అతని నోట్లో పోశాడు. కాసేపటికి మౌలాలి లేచాడు. చక్కెర వెనకే గుడ్డో శనగలో తినాలి, లేకపోతే అది ఎంత తొందరగా లేపుతుందో అంత తొందరగా పడేస్తుంది అని ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ చెప్పింది. నడుముకు కట్టుకున్న డబ్బాలో రెండూ ఉన్నాయి. బుడేన్ చూస్తున్నాడని తీయలేదు. మిగిలిన మెట్లు ఎక్కేశాడు. దర్గా గడప దగ్గర మళ్లీ పడ్డాడు, ఈసారి ఇంకా గట్టిగా.

"సగం మనిషివైపోయినావు గదప్పా," అన్నాడు బుడేన్, అతని తలను ఒళ్లోకి తీసుకుంటూ. "మిగతా సగం ఆస్పత్రిలో మరిచిపోయి వచ్చినావా?"

ఆ మాటంటూనే ఇంకాస్త చక్కెర పెట్టి, డబ్బా తానే తెరిచి గుడ్డు తినిపించాడు.

మౌలాలిది బజారులో పరుపుల కొట్టు. ఏటా ఉరుసుకు గంధం కుండ మోసుకొని గుట్ట ఎక్కింది వాళ్ల నాయన. ఆయన పోయాక ఆ కుండ కొడుకు నెత్తి మీదికి రావాలి. రాలేదు. మౌలాలి తాను కుట్టే పరుపుల్లాగే ఉండేవాడు, నాలుగు మెట్లకే ఆయాసం. ఇంకెవరి నెత్తి మీదో పోతున్న కుండను కింద నిలబడి చూసేవాడు. గంధం వాసన మాత్రం గాలిలో తిరిగి తిరిగి అతని దగ్గరికి వచ్చేది, నాయన వచ్చి భుజం మీద చెయ్యేసినట్టు. కడుపు కోయించుకొని, సంచిలాంటి పొట్టను పిడికిలంత చేయించుకున్నది అందుకే. ఒళ్లు తగ్గింది. కానీ ఈ వణుకు పట్టుకుంది.

ఆ సాయంత్రం సత్తార్ షా బాబా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. బాబా ఆ దర్గా పీరు, మౌలాలికి గురువు. జొన్నచొప్పలా సన్నటి ముసలాయన.

"దువా చెయ్యండి బాబా. ఆ ఒక్కరోజు ఈ చేతులు వణక్కుంటే చాలు."

"డాక్టరమ్మ ఏమనింది?"

"ఆకలైనా కాకపోయినా, కొంచెం కొంచెం, మాటిమాటికీ తినమనింది. మెత్తగా నమలమనింది. వణుకు వచ్చేదాకా చూడొద్దనింది."

"తింటాండావా?"

"కొట్లో తింటాను. గంధం నెత్తిన పెట్టుకొని ఎట్ల తినేది బాబా? దర్గా చేరేదాకా కుండ నేలకు తగలకూడదు గదా. మా నాయన ఏ మెట్టు మీదా ఆగలేదు. నేనూ ఆగను. పళ్లు బిగబట్టి ఎక్కేస్తాను."

బాబా అతని నడుముకున్న డబ్బాను వేలితో తట్టారు.

"గంధం రోజు ఈ డబ్బా నిండుగా పెట్టి నాకియ్యి."

గంధం రోజు మౌలాలి డబ్బా నింపి తెచ్చిస్తే, బాబా తీసుకొని తన జోలెలో వేసుకున్నారు. మౌలాలి గుండె ఏకిన దూదిలా తేలిపోయింది. తన జబ్బునే బాబా జోలెలో వేసుకున్నారనుకున్నాడు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక గంధం ఊరేగింపు కదిలింది. మల్లెపూలు చుట్టిన కుండ మౌలాలి నెత్తి మీద ఉంది. ముందు బాబా, వెనక డప్పులు, ఆ వెనక ఊరంతా. ఊదు పొగలోంచి పడమటి ఎండ తేనెలా కారుతోంది. నాయన కూడా ఇదే ఎండలో ఎక్కి ఉంటాడు అనుకున్నాడు మౌలాలి.

సగం గుట్ట దాటారు. కుండ పగిలిన మెట్టు వచ్చింది. మెడ వెనక చల్లటి చెమట మొదలైంది.

పళ్లు బిగబట్టాడు. ఇంకో మెట్టు ఎక్కాడు. కుండ అంచు మీద వేళ్లు తమంతట తాము ఆడుతున్నాయి. ఇంకో మెట్టు.

బాబా ఆగారు. వెనక్కి తిరిగి కిందికి దిగి వచ్చారు. రెండు చేతులూ ఎత్తి, అతని నెత్తి మీది కుండను తీసి తన నెత్తిన పెట్టుకున్నారు.

డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పీరు కుండ మోయడం ఆ గుట్ట మీద ఎవరూ చూడలేదు.

"జోలెలో డబ్బా ఉంది, తీసుకో," అన్నారు బాబా. "కూర్చో. బుడేన్, వీడికి ముందు కొంచెం చక్కెర పెట్టు."

మౌలాలి కూర్చున్నాడు. చక్కెర నోట్లో కరిగింది. డబ్బా మూత తీశాడు. ఊరి కళ్లన్నీ ఆ ఉడకబెట్టిన గుడ్డు మీదే ఉన్నాయి.

"దారిలో గంధం ఆగడమేంది?" అని ఎవరో గొణిగారు.

బరువుకు బాబా మెడనరాలు ఉబ్బాయి. అది చూసి మౌలాలి గుడ్డంతా ఒక్కసారే నోట్లో కుక్కుకోబోయాడు.

"మింగొద్దు," అన్నారు బాబా. "నమిలి తిను."

నమిలాడు. అంతకంటే గుట్ట ఎక్కడమే తేలికనిపించింది. కుండ చుట్టూ ఉన్న మల్లెలు రాలి బాబా భుజాల మీద పడుతున్నాయి. ఒక గంధపు చుక్క ఆయన నుదుటి మీదుగా జారి గడ్డంలోకి పోయింది. తుడుచుకోవడానికి ఆయనకు చెయ్యి ఖాళీ లేదు. మౌలాలి కళ్లు నిండాయి. అయినా నమిలాడు, మెల్లగా, మెత్తగా.

"ఉప్పన్నా వేసుకున్నావా దాంట్లోకి?" అన్నాడు బుడేన్.

వెనక ఎవరో నవ్వారు. గొణుగుడు సద్దుమణిగింది.

కాసేపటికి గుట్ట గుట్టలా, జెండా జెండాలా విడివిడిగా కనిపించాయి.

"ఏదీ, చెయ్యి చూపించు," అన్నారు బాబా.

చాపాడు. ఆ చెయ్యి కదల్లేదు. బాబా కుండను తన నెత్తి మీంచి తీసి మళ్లీ అతని నెత్తిన పెట్టారు. డబ్బా అతని నడుముకు తానే కట్టారు.

"కుండ కింద పెట్టొద్దన్నారు మౌలాలీ. చేతులు మారొద్దని ఎవరూ అనలేదు."

డప్పులు మళ్లీ మోగాయి. జనంలో నడక నెమ్మదిగా సాగింది. పొద్దు గుంకింది. చివరి మలుపు తిరిగితే దర్గా గడప కనిపించింది, దీపాలతో. ఇంకాసిని మెట్లే. మౌలాలికి ఇంకా చెమట పట్టలేదు, చేతులు వణకలేదు. వెనక నుంచి జనం ముందుకు తోస్తున్నారు.

మౌలాలి ఆగాడు.

"బుడేన్ మామా, ఇట్ల పట్టు."

బుడేన్ డప్పును వీపు మీదికి తోసుకొని రెండు చేతులూ చాచాడు. మౌలాలి మెట్టు మీద కూర్చొని, అందరి ముందూ డబ్బా తెరిచి, శనగలు నమలసాగాడు.

డప్పు ఆగడం విన్నా పైన బాబా వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన కూడా ఒక మెట్టు మీద కూర్చున్నారు.