నాలుగు ఉపాయాలు కలిపిన బండి

పిచ్చుకలవలస వాళ్ళకి తెలివి ఎంత ఎక్కువంటే, ఒలికిపోతుందేమోనని నిద్దట్లో కూడా తలపాగా తియ్యరు. అంత తెలివీ సంత రోజున బాటలో ఇరుక్కునేది. ఊరికీ సంతకీ మధ్య ఉన్నది ఒక్కటే ఇరుకు బాట. వెళ్ళే బండీ వచ్చే బండీ ఎదురుపడితే ఎవరూ తగ్గరు. "వెనక్కి పో" అంటే, "మా వంశంలో వెనక్కి పోయినవాళ్ళు లేరు" అనేవాళ్ళు.

మధ్యలో నలిగేది నూకరత్నం. సంత చేరేసరికి ఆవిడ పెరుగు పులిసేది. ఇల్లు చేరేసరికి దీపాల వేళ దాటేది. ఆవిడ గేదె గౌరి ఇంకొకరి చెయ్యి తగిలితే చుక్క పాలు వదలదు. పాల కోసం చంటి మనవరాలు గుక్కపట్టి ఏడ్చేది.

ఒకనాడు ఆ బాటలోనే ఓ ఆఫీసరుగారి జీపు ఇరుక్కుంది.

"ఒక్క ఉపాయంతో ఇది తెమలదయ్యా," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ. "బాటలో ఒక వైపే పోవాలి. పదిమందీ ఒకే బండిలో సర్దుకోవాలి. కాళ్ళున్నవాళ్ళు నడవాలి. బాట మీద బరువు తగ్గించాలి. అన్నీ కలిపి చేస్తేనే గుణం!"

"విన్నారా? అన్నీ కలిపి!" అన్నాడు ఊరిపెద్ద పాపినాయుడు. "ఒక్కటి వదిలినా ఫలితం ఉండదంట."

ఇంకేముంది! మళ్ళీ సంతకి ఊరంతా ఒకే బండి ఎక్కేసింది.

"మరి నడవాలి కదా, నాయుడు బావా?" అంది నూకరత్నం.

నాయుడు గడ్డం గోక్కుని, బండి అడుగు పలకలు పీకించేశాడు. అంతే, అందరూ బండి చట్రంలో నిలబడి, నేల మీద నడుస్తూ, బండి ప్రయాణం చేశారు. పీకిన పలకలు బాటకి బరువని నెత్తిన పెట్టుకున్నారు.

"మరి ఎద్దులు బరువు కావేంటి?" అన్నాడొకడు.

"వాటికి కాళ్ళున్నాయి కదరా, నడుస్తాయి!" అన్నాడు నాయుడు.

ఎదురుబండి లేదు. వేళకే చేరారు. పెరుగంతా కమ్మగా ఉండగానే అమ్ముడైపోయింది. "ఆ ఆఫీసరు కడుపు చల్లగా!" అని మురిసిపోయింది నూకరత్నం.

పొద్దు వాలింది. "పదండి ఇంటికి," అంది.

"ఎలా పోతామే? బాట ఒక వైపే కదా. సంత వైపు!" అన్నాడు నాయుడు.

నూకరత్నం గుండెలు బాదుకుంది. "నా గౌరి పొదుగు పగిలిపోతుంది బావా! పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోతుంది!" ఏడుస్తూ ఏడుస్తూ ఠక్కున ఆగింది. "మొహాలు సంత వైపే పెట్టి, కాళ్ళతో వెనక్కి నడిస్తే?"

"ఓసి, నీ బుర్ర బంగారంగానూ! మొహం ముందుకే ఉంటుంది, వంశానికీ మచ్చ లేదు!"

అంతే! ఎద్దుల తోకలు పట్టుకుని వెనక్కి లాగుతూ ఊరంతా బయల్దేరింది. పొలాల్లోవాళ్ళు "ఎక్కడికర్రా?" అంటే, "సంతకీ!" అని ఒక్క గొంతుతో అరిచారు. అడిగిన వాళ్ళందరికీ చెప్పి చెప్పి, చివరికి తామే నమ్మేశారు.

దీపాల వేళకి నూకరత్నం వీపుకి మెత్తగా ఏదో తగిలింది. చూస్తే గేదె!

"అమ్మో, ఈ సంతకి ఎంత మంచి గేదె వచ్చింది! అచ్చం మా గౌరే!" పొదుగు నిండి అరుస్తుంటే జాలేసి, కూర్చుని పితికింది. అరుగు మీద చంటిది "అమ్మమ్మా" అని చేతులు చాచింది.

"ఎవరి బిడ్డో పాపం, మా పిల్ల పోలికే," అని దానికి గిన్నెడు పాలు తాగించి, కొంగుతో కళ్ళొత్తుకుంది. "అక్కడ నా పిల్ల ఎంత ఆకలితో ఉందో!"

మిగిలిన పాలకుండ నెత్తికెత్తుకుని, గబగబా ఇంటికి బయల్దేరింది. మొహం గౌరి వైపు, నడక సంత వైపు.